దబీర్‌పురా స్టీలు డబ్బా

ముప్ఫై నాలుగేళ్ళపాటు మాణిక్యమ్మకు తెల్లవారింది తిట్లతోనే. నాలుగింటికి లేచి, పొయ్యి మీద చాయ పెట్టి, కొట్టంలో బర్రెల దగ్గరున్న మొగుడికి గ్లాసు తీసుకుపోయి ఇచ్చేది. బాలనర్సింహ ముందు గ్లాసు అంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. "సబ్బు వాసనొస్తుందే" అనేవాడు. తర్వాత ఒక గుక్క తాగి "ఇది చాయనా, బర్రె కుడితినా?" అని అడిగేవాడు. అడిగి, ఆ కుడితిని అడుగుదాకా తాగి, ఇంకో గ్లాసు తెమ్మనేవాడు. ఛత్రినాకలో వాళ్ళ సందులో కోడికన్నా ముందు ఈ మాటే వినబడేది. పక్కింటివాళ్ళు అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశారు.

ఇప్పుడు ఆమె ఆరున్నరకు లేస్తోంది. బర్రెలను గౌలిపురా దుర్గయ్య తోలుకుపోయాడు. చాయ ఒక్క గ్లాసే. గ్లాసు చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుంటుంది. తాగబోయే ముందు, ఎవరూ చూడకుండా, తనే అంచు వాసన చూస్తుంది. ఏ వాసనా రాదు.

బాలనర్సింహ పోవడం కూడా వంక పెడుతూనే పోయాడు. గడ్డి సరిగా తినడం లేదని నల్లబర్రెను నిలబెట్టి తిడుతూ తిడుతూ, మాట మధ్యలో ఆపి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆయన పోయిన పావుగంటకు ఆ బర్రె గడ్డంతా మేసేసింది. ఈ సంగతి మాణిక్యమ్మ ఎవరికీ చెప్పలేదు.

అసలు లొల్లి మూడో రోజున మొదలైంది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి, మిద్దె మీద ఉంచి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళంతా ఓ పక్క నిలబడి చూస్తారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిగా పోయాడని. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని. ఆ రోజు మాణిక్యమ్మ ఏడుస్తూనే మేకమాంసం వండింది, బోటి వండింది, టమాట పప్పు చేసింది. పక్కన తెల్లకల్లు సీసా, ఒక బీడీకట్ట కూడా పెట్టారు. ఒక కాకి వచ్చింది. నీళ్ళ ట్యాంకు మీద వాలి, మెడ అటొకసారి ఇటొకసారి తిప్పి విస్తరిని చూసింది. చూసి, మర్యాదలు సరిగా జరగని మగపెళ్ళివారి పెద్దమనిషిలా లేచిపోయింది. మళ్ళీ రాలేదు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాక, ఎవరో తలుపు తీసి ఉంచితే, ఒక వీధికుక్క మెట్లెక్కి వచ్చి విస్తరి నాకి అందరినీ ఇళ్ళకు పంపించింది.

బాలనర్సింహ అక్క సత్తెమ్మ అప్పుడే తీర్పు చెప్పేసింది. "ఏం కోరిక మిగుల్తది నా తమ్మునికి? కడుపుకు కమ్మగ తిన్నది లేదు. గదే మిగిలింది."

నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళకు మధ్యాహ్నానికల్లా తెలిసింది. మాణిక్యమ్మ వంట కాకి కూడా ముట్టలేదని ఎనిమిది సందులకు పాకింది. ఆమెకు ఎదురు చెప్పే అలవాటు లేదు. నాలుగో తరగతితో బడి మానేసి, ఇరవై ఏళ్ళకు పెళ్ళయి, ఆరు బర్రెలున్న ఇంట్లోకి వచ్చిన మనిషి ఆమె. ఆ ఇంట్లో మాట్లాడే పని మొత్తం మొగుడు, ఆడబిడ్డ ఇద్దరే చూసుకునేవాళ్ళు. మధ్యలో ఖాళీ దొరికితే బర్రెలు అరిచేవి.

కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. పొయ్యి దగ్గర నిలబడితే చాలు, ముప్ఫై నాలుగేళ్ళు తను ఒక మనిషిని ఆకలితో ఉంచానా అనిపించేది. కూర ఉడుకుతుంటే మూత తీసి చూడబుద్ధి అయ్యేది కాదు. రోజూ ఇంత పచ్చిపులుసు కలుపుకుని, అదీ సగం తిని, మిగతాది గోడ మీద పెట్టేది. దాన్ని కాకులు తిన్నాయా లేదా అని మాత్రం వెనక్కి తిరిగి చూసేది కాదు. తినకపోతే ఏం చేస్తుంది?

ఏడాది తిరిగి సంవత్సరీకం దగ్గరకొచ్చింది. ఇంకా పన్నెండు రోజులుంది. మళ్ళీ విస్తరి పెట్టాలి, మళ్ళీ అందరూ మిద్దె మీద నిలబడి చూడాలి. "ఈసారి బోటి నేను వండుత" అని సత్తెమ్మ ముందే చెప్పేసింది. కాకి ఆమె బోటి ముట్టి తన పప్పు ముట్టకపోతే ఇక జన్మంతా ఆ మాట మోయాలి. మాణిక్యమ్మకు ఫికరంతా అదే.

ఫలక్‌నుమాలో వెల్డింగ్ పని చేసుకునే కొడుకు ప్రహ్లాద్, బాపు మోపెడ్ తీసుకుపోతానని ఫోన్ చేశాడు. బండి ఏడాదిగా కొట్టంలో మూల నిలబడి ఉంది. మాణిక్యమ్మ పాలక్యాన్ల కొక్కేలు తుడిచి, సీటుకింద గోనెసంచి లాగితే, దాని అడుగు నుంచి ఒక స్టీలు డబ్బా దొర్లి కింద పడింది.

ఆ డబ్బా తనది కాదు. తన ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె నొక్కు ఆమెకు తెలుసు. మూత బలంగా తీసింది. అడుగున ఏవో పట్టీలు ఎండి అతుక్కుపోయి ఉన్నాయి. పెళ్ళిమండపంలో రిబ్బన్లు కత్తిరించి పారేసినట్టు. మూత తిప్పి చూసింది. స్టీలు సామాను కొన్నప్పుడు దుకాణంలో పేరు కొట్టించుకుంటారు గదా, అట్లా చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. ఆమె బస్సు బోర్డు చదివినట్టు ఒక్కో అక్షరం కూడుకుంది.

డి. మహేశ్వరి, దబీర్‌పురా.

ఆడమనిషి పేరు.

ఆమె చేసిన తప్పల్లా డబ్బాను వెంటనే దాచకపోవడం. సత్తెమ్మ అప్పుడే వచ్చింది. ఆమె ఎప్పుడూ అప్పుడే వస్తుంది. ప్రహ్లాద్‌కు మూత ఫోటో పంపించి, దాని మీది పేరు ఫోన్లో చదివించుకుంది. తర్వాత కొట్టం గోడకు ఆనుకుని, ఏడాదిగా వెతుకుతున్న వస్తువు దొరికినట్టు నిట్టూర్చింది.

"గందుకేనే పిల్లా కాకి ముట్టలే! మనసు దబీర్‌పురాల ఉంటె, పిట్ట ఛత్రినాకకు ఎందుకొస్తది?"

"ఊకో వదినె."

"నేను ఊకుంట. ఇంట్ల తిండి బాగలేకపోతె మొగోడు బయట చూస్కుంటడు. నా తమ్ముని తప్పేం లేదు. ఎవతె ఈ మహేశ్వరి? పిలుస్తవా సంవత్సరీకానికి? ఆమె చేతి ముద్దే పెడదాం, గదన్న ముడ్తదేమో చూద్దాం."

ఆ రాత్రి మాణిక్యమ్మకు పచ్చిపులుసు కూడా దిగలేదు. మర్నాడు పదిగంటలకు ఇస్త్రీ చీర కట్టుకుని, డబ్బాను గుడ్డసంచిలో వేసుకుని, దబీర్‌పురాకు ఆటో ఎక్కింది. దారి పొడుగునా లోపల తిట్లు సర్దుకుంది. ముప్ఫై నాలుగేళ్ళు వాడనివి కాబట్టి నిండుగా, కొత్తగా ఉన్నాయి. నడుము సన్నగా ఉండి, జడలో మల్లెపూలు పెట్టుకుని, తలుపు సందులోంచి తొంగిచూసే ఒక ఆడదాన్ని ఊహించుకుని, ఆమె కొలతలకు తగ్గట్టు ఒక్కో తిట్టూ కుట్టుకుంది.

స్టేషన్ పక్క సందులో పంక్చర్ల దుకాణం ముందు దిగి, టైరు మీద కూర్చున్న పెద్దాయనను అడిగింది. "భాయ్, మహేశ్వరి ఘర్ కిధర్?"

"వో ఇటలీ ఖానేవాలే? అందర్ జావ్ అమ్మా, నీలా గేట్." అని, అక్కడ బిర్యానీ దొరకదని ఆయన జాలిగా ముందే చెప్పేశాడు. "బిర్యానీ నై మిల్తీ ఉధర్. పైలేచ్ బోల్రౌం."

నీలం గేటు మీద అరచేయంత రేకు ముక్క. దాని మీద 'ఇంటి భోజనం' అని రాసి ఉంది. అంతకన్నా చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉండేది, వానకు కొట్టుకుపోయింది. లోపల ముందుగదిలో నాలుగు బల్లలు, వాటి మీద పూల రెక్సిన్ గుడ్డ. గోడకు మరియమ్మ తల్లి పటం, దాని పక్కన తెల్లటి తలగుడ్డ కట్టుకున్న ఒక ముసలి సిస్టరమ్మ ఫోటో. ఆ సిస్టరమ్మ కళ్ళద్దాల్లోంచి చూసే చూపు అచ్చం సత్తెమ్మ చూపులా ఉంది. ఒక్కరు కూడా తినడం లేదు. ఒక బల్ల దగ్గర అరవై ఏళ్ళ ఆడమనిషి, గుమ్మడికాయంత నిండుగా, మోచేతుల దాకా పిండి పూసుకుని, పల్చగా ఒత్తిన పిండిరేకును చాకుతో పట్టీలు పట్టీలుగా కోస్తోంది. మోకాళ్ళకు నొప్పుల పట్టీలు. జడ లేదు, పిడికెడు కొప్పు.

కుట్టుకొచ్చిన తిట్లలో ఒక్కటి కూడా ఈ మనిషికి పట్టదు.

మాణిక్యమ్మ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఓ దేవా, నా డబ్బా!" అని అరిచింది ఆమె. వంటింటి వైపు తిరిగి, "ఏమయ్యా! పాలన్న డబ్బా పంపిండు!" అంది. మళ్ళీ ఇటు తిరిగి, "అక్కా, మీరు పాలన్న ఇంటామెనా? కూసోండ్రి, కూసోండ్రి. ఇంక అలిగే ఉన్నడా ఆయన? గంత పట్టుదలేంది? యాడాదాయె పత్తా లేడు."

మాణిక్యమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఒక ఇంట్లో తన మొగుడు ఇంకా బతికే ఉన్నాడని అప్పుడు తెలిసింది. అలిగి, మూతి ముడుచుకుని, రేపో ఎల్లుండో వస్తాడన్నట్టు బతికి ఉన్నాడు. ఆ మాట చెప్పి ఇక్కడ కూడా ఆయన్ను చంపాలంటే నోరు రాలేదు. 

"ఆయన లేడు చెల్లె" అంది చివరికి. "గుండెపోటు. పదకొండొద్దులైతె యాడాది."

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి డానియేలు, మహేశ్వరి భర్త. ఆయన గరిటెను ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు. తెల్లచొక్కా మీద ఎర్రటి మరక పడింది. చూసుకోలేదు.

"నేనే ఒక మాట అన్న వదినమ్మా" అన్నాడు. "ఆఖరుసారి వచ్చినప్పుడు రోజు లెక్కనే వంకలు పెట్టిండు. 'గంత నచ్చకపోతె నీ ఇంట్లనే తినరాదా' అన్న. ఏం మాట్లాడకుంట పోయిండు. గందుకే అలిగిండనుకున్నం."

"ఆయన అలగడు" అంది మాణిక్యమ్మ. "తిడ్తడు, తింటడు, పోతడు."

"గంతే! అచ్చం గంతే!" అంది మహేశ్వరి. కొంగుతో కళ్ళు తుడుచుకోబోయి, చెంపంతా పిండి పూసుకుంది.

అప్పుడు సంగతంతా ఒక్కొక్కటే బయటికొచ్చింది. డానియేలు ఇరవై రెండేళ్ళు బొల్లారం వైపు ఒక కాన్వెంటులో వంట చేశాడు. ఇటలీ నుంచి వచ్చిన ఆ ఫోటోలోని సిస్టరమ్మ ఆయన వీపు మీద అప్పడాల కర్ర విరగ్గొట్టి మరీ వాళ్ళ ఊరి వంట నేర్పింది. ఆమె పోయాక, వంటగది మూసేశాక, మొగుడూ పెళ్ళాలు తమ ముందుగదిలోనే నాలుగు బల్లలు వేశారు. కాగితం మీద రాసిన వంటల పట్టీ ఏదీ లేదు. ఆ రోజు ఏం వండితే అది పెద్ద పళ్ళెంలో బల్ల మధ్యలో పెడతారు. చుట్టూ కూర్చున్నవాళ్ళు ఇంట్లోలాగా వడ్డించుకోవాలి. ఆదివారాలు చర్చి నుంచి రెండు కుటుంబాలు వస్తాయి. మిగతా రోజుల్లో ఎవరో ఒకరు తల లోపలికి పెట్టి "బిర్యానీ హై క్యా?" అని అడిగి, లేదంటే వచ్చిన తలను వచ్చినట్టే తీసుకుపోతారు.

వీళ్ళకు చిక్కటి బర్రెపాలు కావాలి. ఆ పాలు పోయడానికి ఏడేళ్ళ కిందట బాలనర్సింహ వచ్చాడు. డానియేలు పాలు విరగ్గొట్టి, వేడినీళ్ళలో వేసి, ముద్దను సాగదీసి, మెరిసే తెల్ల ఉండలు చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏమన్నడో తెలుసా?" అన్నాడు డానియేలు. బాలనర్సింహలాగే నడుం మీద చేతులు పెట్టి, గొంతు బొంగురు చేశాడు. "'నా బర్రె కష్టపడి ఇచ్చిన పాలు విరగ్గొట్టి, జీళ్ళ పాకం లెక్క గుంజుతున్నవ్, నీకేం పుట్టిందిరా?' అన్నడు. ఒక్క ఉండ నోట్ల పెట్టిన. నమిలిండు. 'ఉప్పు తక్కువుంది' అన్నడు. ఇంకొకటి తీస్కున్నడు."

అప్పటినుంచి రోజూ పాలు పోసి, మూలబల్ల దగ్గర కూర్చుని, ఒక పళ్ళెం తిని, దాన్ని తిట్టి వెళ్ళేవాడు.

మాట్లాడుతూనే మహేశ్వరి పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. పిండిపట్టీలు పొగలు కక్కుతున్నాయి. చూడ్డానికి పాలతాలికలకు పెద్దన్నల్లా ఉన్నాయి. కాకపోతే పాలు, బెల్లం బదులు ఎర్రటి టమాట పులుసు. పైన ఆ తెల్ల ఉండలు కరిగి దారాలు సాగుతున్నాయి. మాణిక్యమ్మ చేత్తో కలపబోయి, వేళ్ళకు చుట్టుకుని, ఇంక అదే మేలని చుట్టుకున్నవాటిని చుట్టుకున్నట్టే నోట్లో పెట్టుకుంది.

ఏడాది తర్వాత నోట్లో ఏదో వెలిగింది. పుల్లగా, కమ్మగా, వెన్నలా. చివర్న గొంతు దగ్గర ఒక మంట. ఆ మంటను ఆమె గుర్తుపట్టింది. ఎల్లిపాయ, వేయించిన నువ్వులు, నీడలో ఆరబెట్టిన మిరప. ఇట్లా దంచేది ఈ పట్నంలో తనొక్కతే.

"గీ కారం యాడిది?"

"మీదే అక్కా" అంది మహేశ్వరి. "నెలకొక్క సీసా తెస్తుండె. 'మీ పులుసుకు పాణం లేదు, గిది వెయ్యండ్రి' అని ఆయనే గరిటె గుంజుకుని వేస్తుండె. ఇప్పుడు సీసా అడుగుకొచ్చింది. చిటికెడు చిటికెడు వేస్తున్నం."

ఆరేళ్ళపాటు ఇంట్లో కారం ఎందుకు తొందరగా అయిపోయేదో అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ ఆమె సత్తెమ్మ కొంగు వైపు అనుమానంగా చూసింది. వెళ్ళేముందు ఆడబిడ్డ సంచి ఎత్తుగా ఉందా అని కూడా చూసేది. ఇప్పుడు ఆ పాపం ఎక్కడ కడుక్కోవాలి?

"ఇగ మీ గురించి చెప్పుడు షురూ చేసిండంటె మాకు చెవులు నొస్తుండె" అన్నాడు డానియేలు. "'మా ఇంటామె టమాట తొక్కు చేస్తె వేళ్ళు నాక్కుంటరు, నువ్వు చేస్తె చేతులు కడుక్కుంటరు.' రోజు గిదే ముచ్చట. మా ఇంటామె పప్పు, మా ఇంటామె చాయ..."

"చాయనా?"

"చాయ గురించైతె అడగొద్దు. గసొంటి చాయ నిజాం కూడ తాగలేదంట."

మాణిక్యమ్మకు ఒళ్ళు మండింది. ఒక్క మెచ్చుకోలు, ఒక్క పొద్దున, కొట్టంలో పేడ మధ్య నిలబడి అని ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ముప్ఫై నాలుగేళ్ళ మెప్పునంతా మోపెడ్ మీద వేసుకొచ్చి, రైలు గేటు దాటించి, దబీర్‌పురాలో పారబోసిపోయాడు ముసలోడు.

"మరి ఈ డబ్బా?" అని అడిగింది.

"మీకోసమే గదక్కా!" మహేశ్వరి ఆశ్చర్యపోయింది. "'మా ఇంటామెకు తీస్కపోత' అని రోజు కట్టించుకుంటుండె. నచ్చిందా అంటె, 'ఏం నచ్చుతది, ఉప్పు తక్కువన్నది, మైదా సరిగ ఉడకలేదన్నది' అంటుండె. మీ తిట్లు తిని తిని మా ఆయన మస్తు నేర్చుకున్నడు. మీరంటె మాకు ఒకటే భయముండె."

మాణిక్యమ్మ ఆ డబ్బాను ఒక్కరోజు కూడా చూడలేదు. దారిలో ఎక్కడో చెట్టుకింద బండి ఆపి ఆయనే రెండోసారి తిని, వంకలు మాత్రం తన పేరు మీద తెచ్చి ఇక్కడ అప్పజెప్పాడు. తను నోరు తెరవకుండానే, తన గురించి తెలియని ఒక ఇంట్లో, ఆరేళ్ళు గయ్యాళిగా బతికింది.

నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. నవ్వు మధ్యలో పొలమారింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, ఆగలేదు. మహేశ్వరి నీళ్ళ గ్లాసు అందించి వీపు నిమిరింది.

"కారం ఎక్కువైంది" అంది మాణిక్యమ్మ.

పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ముగ్గురూ తిన్నారు.

సంవత్సరీకం రోజున మిద్దె మీద పదిహేనుమంది చేరారు. నల్లా దగ్గరి ఆడవాళ్ళు కూడా, బియ్యం ఇచ్చిపోదామని వచ్చినట్టు వచ్చి, మెట్ల మీద స్థిరపడ్డారు. సత్తెమ్మ తెల్లారకముందే వచ్చి, పొయ్యి ఆక్రమించి, బోటి వండింది. మాణిక్యమ్మ మేకమాంసం, టమాట పప్పు చేసింది. పొద్దున్నే డానియేలు గేటు దగ్గర దించిపోయిన డబ్బా మూత తీసి, విస్తట్లో ఒక పక్కన ఎర్రటి పట్టీలు వడ్డించింది.

సత్తెమ్మ కళ్ళు చింతాకంత చేసి చూసింది. "ఏందే గిది, పేగులా? బోటి నేను వండిన గదనే!"

"పేగులు కాదు వదినె. మైదాపిండి. ఆయన తినేటిది."

"నా తమ్ముడా? గిదా? ఎవరు చెప్పిన్రు?"

"మహేశ్వరి."

మెట్ల మీది ఆడవాళ్ళు ఒక మెట్టు పైకి జరిగారు. సత్తెమ్మ నోరు తెరిచింది. కానీ ప్రహ్లాద్ అప్పటికే విస్తరి పిట్టగోడ దగ్గర పెట్టేశాడు. అందరూ వెనక్కి జరిగారు.

ఎంతసేపటికీ ఏదీ రాలేదు. బోటి మీద నూనె పేరుకుంటోంది. మాణిక్యమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. అప్పుడొక కాకి నీళ్ళ ట్యాంకు మీద వాలింది. పోయినేడాదిదో వేరేదో, కాకికి పేరు కొట్టించలేం గదా. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. గోడ మీదికి దిగింది. బోటిని చూసి ఒకడుగు పక్కకు వేసింది. ఒక పట్టీని ముక్కుతో లాగింది. అది సాగింది. కాకి ఉలిక్కిపడి వదిలేసి, విస్తరి వైపు చూస్తూ "కా! కా!" అని గట్టిగా కేకలేసింది. మళ్ళీ లాగింది. విదిలించింది, సగం గోడకు కొట్టింది, మళ్ళీ అరిచింది. అరుస్తూనే మొత్తం మింగింది. రెండోదానికి వచ్చింది. మధ్యలో పప్పులో ముక్కు పెట్టి, దాన్ని కూడా తిట్టి, దాన్ని కూడా తిన్నది.

"బాపు!" అన్నాడు ప్రహ్లాద్. చేతులు జోడించాడు. జోడించిన చేతుల వెనక మొహం దాచుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. మెట్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. సంవత్సరీకం రోజున అట్లా నవ్వకూడదని అందరికీ తెలుసు. ఎవరూ ఆపుకోలేకపోయారు.

మాణిక్యమ్మ నవ్వలేదు. పిట్టగోడ పట్టుకుని నిలబడింది. ఈ మనిషి ఆకలితో పోలేదు. రెండు ఇళ్ళలో తిని, రెండు ఇళ్ళనూ తిట్టి, నిండు కడుపుతో పోయాడు.

భోజనాల దగ్గర సత్తెమ్మ ఆ డబ్బా వైపు మూడుసార్లు చూసి, నాలుగోసారి "ఏముందో చూద్దాం, ఇటు తే" అంది. నోట్లో పెట్టుకుని నమిలింది. కళ్ళు మూసుకుని నమిలింది.

"ఉప్పు తక్కువుంది" అంది. "ఇంకింత ఎయ్."

మధ్యాహ్నం మూడింటికి అందరూ వెళ్ళిపోయారు. ప్రహ్లాద్ బాపు మోపెడ్ మీద ఫలక్‌నుమాకు పోయాడు. సత్తెమ్మ మాత్రం గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. వాకిట్లో నల్లా కింద బోళ్ళు గుట్టగా ఉన్నాయి. మాంసం వండిన పెద్ద గంజు, బోటి మూకుడు, గరిటెలు, పళ్ళేలు. అన్నిటికీ నూనె, నీసు. మామూలుగానైతే చివరి చుట్టం చెప్పులు వేసుకునేలోగా మాణిక్యమ్మ బూడిద, పీచు పట్టుకుని కూర్చునేది. ఒకటికి రెండుసార్లు తోమి, సాయంత్రానికి ఆయన వచ్చి వాసన చూసి పెట్టే వంక కోసం ఎదురుచూసేది.

ఆమె మూకుడు వైపు చేయి చాపింది. చాపి, వెనక్కి తీసుకుంది. లోపలికి పోయి, మహేశ్వరి డబ్బాను ఒక్కటే కడిగి తుడిచి, దాని నిండా కారం పోసింది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపే ఇల్లు కాదు ఇది. గుడ్డసంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

"యాడికే?" అంది సత్తెమ్మ.

"దబీర్‌పురాకు. నువ్వొస్తవా వదినె?"

"బిర్యానీ ఉంటదా ఆడ?"

"ఉండది."

"మరి ఎందుకొచ్చుడు?" అంటూనే సత్తెమ్మ గోడ పట్టుకుని లేచి, కాలితో చెప్పులు వెతుక్కుంది. "ఆ మహేశ్వరికి ఉప్పెంతెయ్యాల్నో నేనే చెప్త. ఓ పిల్లా, ఆగు, గా బోళ్ళు? తోమకపోతె నీసు వాసనొస్తయి!"

"రానీ" అంది మాణిక్యమ్మ. "వాసన చూసెటోడు లేడు గద."

తలుపుకు తాళం వేస్తుంటే, మిద్దె మీది కాకి కిందికి దిగి, గంజు అంచు మీద వాలింది. లోపలికి ముక్కు పెట్టి చూసింది. తలెత్తి, ఇల్లంతా వినబడేట్టు అరిచింది.

మాణిక్యమ్మ తాళంచెవి బొడ్లో దోపుకుని ఆటో కోసం చెయ్యెత్తింది.